కనకమహాలక్ష్మి నలుగుపిండి

కనకమహాలక్ష్మికి అనుమానం ఎక్కువ. పెసలు కొంటే రెండు గింజలు కొరికి చూస్తుంది, పసుపు కొంటే నీళ్లలో వేసి చూస్తుంది. అందుకే రాజోలు చుట్టుపక్కల ఏ పెళ్లికూతురికైనా ఆమె నలుగుపిండే కావాలి. ఆ పిండి డబ్బాయే ఆమె పరువు.

అన్నగారి కూతురు విజయదుర్గ పెళ్లికి మాత్రం అమలాపురం నుంచి పార్లర్ కరుణను కూడా పిలిచారు. కరుణ ముందుగా ఓసారి వచ్చి తను వాడే సీసా చూపించింది.

“ఇదేవిటమ్మా, ఇసకలా ఉంది?”

“ఆయ్, స్క్రబ్ అంటారండి పిన్నిగారూ. అక్రోటు పెంకుల పొడండి. మీ నలుగుపిండి చేసే పనే ఇదీ చేస్తాదండి.”

“పెంకులా! గిన్నెలు తోముకోడానికా, మొహానికా?”

కనకానికి ఒళ్లు మండిపోయింది. తన పిండి పక్కన పెంకుల పొడా! పేరు కూడా నోరు తిరగనిదాయె. ఆ సాయంత్రం పెసలు, బియ్యం, వాసనకి కచ్చూరాలు ధనరాజు పిండిమరకు పట్టుకెళ్లి, ఆడినంతసేపూ వచ్చినవాళ్లందరికీ ఆ స్క్రబ్ సంగతే చెప్పింది.

పెళ్లికూతుర్ని చేసే రోజు పొద్దున కరుణ మొహానికి స్క్రబ్ రుద్ది కడిగింది. తర్వాత కనకం నలుగు పెట్టింది. కాసేపటికే పిల్ల “మంట, అత్తా!” అని కేకపెట్టింది. బుగ్గలు ఎర్రగా కందిపోయాయి.

“నే చెప్పేనా, లేదా?” అంది కనకం. అందరూ కరుణ మీద పడ్డారు.

“నిన్నింక ఈ చుట్టుపక్కల ఎవరు పిలుస్తారో చూస్తాను” అంది వదిన భవానీదేవి. కరుణ మొహం పాలిపోయింది. తను కడిగినప్పుడు బాగానే ఉందంటోంది గానీ వినేవాళ్లు లేరు.

కనకం నలుగు పెట్టిన చేత్తోనే చెమట తుడుచుకుంటూ కన్ను నలుపుకుంది. భగ్గుమంది. కొబ్బరికాయలు ఒలిచి మొద్దుబారిన అరచేతులకు తెలియని మంట కంటికి తెలిసింది. కారం! మరలో తనకంటే ముందు ఎవరో మిరపకాయలు ఆడించి ఉంటారు. ఎప్పుడైనా ముందు గుప్పెడు బియ్యం పోయించి, మర శుభ్రమయ్యాకే తన పెసలు పోయించేది. ఆ రోజు స్క్రబ్‌ను తిట్టే హడావిడిలో మర్చిపోయింది. కచ్చూరాల ఘాటులో కారం వాసన తెలియలేదు.

ఊరుకుంటే ఎవరికీ తెలియదు. ఆ ఆలోచన వచ్చినందుకు తన మీద తనకే అసహ్యం వేసింది.

“ఆ పిల్లనేం అనకండి వదినా. నా పిండిలో కారం కలిసింది. తప్పు నాదే.”

భవానీదేవి నలుగుపిండి డబ్బాకు మూత పెట్టి అవతల పెట్టేసింది. కరుణ విజయదుర్గ మొహం కడిగి, చల్లటి పాలు అద్ది, ఆ గిన్నెతోనే కనకం దగ్గరికి వచ్చింది.

“కళ్లు మూసుకోండి పిన్నిగారూ.”

అందులో ఏం కలిపావని అడగబోయి, కనకం మాట మింగేసి మొహం ఎత్తింది.