రెండు వారాల అనుమానం

మా అత్తగారు పోయిన బుధవారం ప్రభువు సన్నిధికి వెళ్లిపోయారు. నేను స్కూల్లో పాఠం చెబుతుంటే మా వారు ఫోన్ చేసి, "అమ్మ లేదు" అన్నారు.

వన్ టౌన్‌లో ఆవిడను ఎరగని దుకాణదారు లేడు. కందిపప్పు కొంటే గుప్పెడు తీసి వెలుతురులో పట్టి చూసేవారు. పాలు, గ్యాస్ సిలిండరు, ఆటోవాడు తిప్పిన దారి, అన్నిటి మీదా అనుమానమే. కొత్త కోడలిగా నాకు ఆ చూపంటేనే హడలు.

పెళ్లయిన ఆరు వారాలకు గవర్నర్‌పేటలో డాక్టరమ్మ స్కాన్ చేసి, ఎనిమిది వారాల గర్భం అంది. సంతోషంగా ఇంటికొచ్చి అదే మాట చెప్పాను. మా పెద్దాడపడుచు వేళ్లు మడిచి లెక్కపెట్టి, "పెళ్లయి ఆరేగా అమ్మా?" అంది. మా వారు నా వంక చూడకుండా, "సరిగ్గా విన్నావా?" అన్నారు. ఆ లెక్క నాకూ అర్థం కాలేదు. నేను ఏ తప్పూ చేయలేదని మాత్రం తెలుసు. అత్తగారు కందిపప్పును చూసినట్టే నన్నూ ఓసారి చూసి లోపలికి వెళ్లిపోయారు. అదే ఎక్కువ భయపెట్టింది.

మర్నాడు పొద్దున్నే ఆవిడ చీర మార్చుకుని, "పద, చెప్పులేసుకో" అన్నారు. పుట్టింట్లో దింపేస్తారనుకున్నాను. ఆటో డాక్టరమ్మ గుమ్మం ముందు ఆగింది.

"ఆరు వారాల పెళ్లికి ఎనిమిది వారాల కడుపెలా వస్తుందండీ?" సూటిగా అడిగేశారు. నాకు తల ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

డాక్టరమ్మ నవ్వలేదు. "కడుపు ఏ రోజు పడిందో ఖాయంగా తెలియదు కదండీ. అందుకని చివరిసారి నెలసరి వచ్చిన మొదటి రోజు నుంచి లెక్కేస్తాం. నిజంగా కడుపు పడేది దాదాపు రెండు వారాల తర్వాత. ఈ అమ్మాయికి పెళ్లికి రెండు వారాల ముందు నెలసరి వచ్చింది. సరిపోయింది."

"మరి స్కాన్‌లో?"

"అందులోనూ ఇదే లెక్కండీ."

అత్తగారికి అప్పటికీ నమ్మకం కుదరలేదు. నన్ను ఇంకో డాక్టరు దగ్గరికి తీసుకెళ్లారు. ఆవిడా అదే చెప్పింది.

ఇంటికొచ్చి కొడుకునీ కూతుర్నీ ఎదురుగా కూర్చోబెట్టి అంతా వివరించారు. "నీ ఇద్దరు పిల్లలకీ ఇలాగే లెక్కేశారే. అప్పుడు వేళ్లు మడవలేదేం?" అని కూతుర్ని అడిగారు. కొడుకు వైపు తిరిగి, "నువ్వెందుకురా వెళ్లి కనుక్కోలేదు?" అన్నారు.

వంటింట్లో ధైర్యం చేసి అడిగాను. "మీరూ నన్ను అనుమానించారా అత్తయ్యగారూ?"

"అనుమానం రాకపోతే ఎందుకెళ్తాను? వస్తే వెళ్లి అడిగెయ్యాలమ్మా. లోపల పెట్టుకుంటే మనిషి మీద కసిగా మారుద్ది."

ఆ పూట నొచ్చుకున్నాను. కానీ ఆవిడ ఉన్నన్నాళ్లూ నా ముందొక మాట, నా వెనకొక మాట అన్నది లేదు. అలాంటి ఇంట్లో బతకడం ఎంత నిశ్చింతో ఇప్పుడు తెలుస్తోంది.

కాన్పు రోజు నర్సు పాపను తెచ్చి ఇవ్వబోతే ఆవిడ అందుకోలేదు. కళ్లద్దాలు పైకి తోసుకుని, పాప మణికట్టు పట్టీ మీది పేరూ నా చేతి పట్టీ మీది పేరూ కూడబలుక్కుంటూ చదివారు. నర్సు విసుగ్గా నిలబడింది. రెండూ ఒకటేనని తేలాక గానీ చేతులు చాచలేదు.