ఒక్క రాత్రి నిద్ర చేయాలని అన్నందుకు

ఎనభైల మధ్యలో ఒకసారి సెలవులకు జాంబియా నుంచి వచ్చి వినుకొండలో మా అన్నయ్య ఇంట్లో ఉన్నాను. జాంబియాలో నేనూ మా ఆయనా ఇద్దరం స్కూలు టీచర్లం. ఆసారి ఆయనకు సెలవు దొరక్క నేనొక్కదాన్నే వచ్చాను. అమ్మ అన్నయ్య దగ్గరే ఉండేది. నాన్న పోయాక, గురజాల అవతల మా ఊళ్లో ఉన్న రెండు గదుల ఇల్లు అమ్మేసి ఇద్దరూ వినుకొండ చేరారు. ఆ ఇల్లు అమ్మేటప్పుడు నన్ను ఒక మాట అడిగారు. అమ్మేయండి, దాన్నేం చేసుకుంటాం అని నేనే రాశాను.

నేను వచ్చిన వారానికి మా ఊరి హైస్కూలు హెడ్మాస్టరు గారు నన్ను వెతుక్కుంటూ వచ్చారు. నాకు చదువు చెప్పినవారు కాదు, ఆ ఊరికి బదిలీ మీద వచ్చినవారు. స్కూలు పెట్టి పాతికేళ్లవుతోందట, సభ చేస్తున్నారట. ఆ స్కూల్లో ఎస్సెల్సీ ప్యాసైన మొదటి ఆడపిల్లను నేను. పైగా విదేశంలో ఉద్యోగం. అందుకని నాకు సన్మానం చేయాలని కమిటీ అనుకుందట.

వదిన ఇచ్చిన కాఫీ తాగుతూ ఆయన, "ఇప్పుడు ఆ అమ్మాయి మన ఊరు ఎందుకొస్తుందండీ అని కొందరన్నారమ్మా. నేనే ధైర్యం చేసి వచ్చాను" అన్నారు.

ఆ మాట నాకు గుచ్చుకుంది. నాకు గర్వం రాలేదని చూపించుకోవాలనిపించింది. "ఎందుకు రాను సార్? అసలు ఆ రోజు మా ఇంట్లోనే ఒక్క రాత్రి నిద్ర చేయాలని ఉంది" అన్నాను.

నిజానికి నాకు అలాంటి ఆలోచనే లేదు. సభ అవగానే సాయంత్రం బస్సుకు తిరిగి వచ్చేద్దామనుకున్నాను. నోటికి అందంగా వచ్చిన మాట అది. హెడ్మాస్టరు గారి ముఖం వెలిగిపోయింది. "అంతకంటేనా అమ్మా, ఏర్పాటు చేస్తాం" అని లేచారు. వంటింటి గుమ్మంలో నిలబడి వింటున్న అమ్మ నా వైపు ఒకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది.

మార్గశిర మాసం. పొద్దు ఎక్కినా చలి వదలని రోజులు. నేను బస్సు దిగేసరికి స్కూలు పిల్లలు రెండు వరసల్లో నిలబడి ఉన్నారు. కమిటీ ప్రెసిడెంటు గారు దండ వేశారు. ఊరి చుట్టూ ఉన్న నాపరాళ్ల క్వారీల్లో పెద్దది ఆయనదే. మా నాన్న రాళ్లు కొట్టింది వాళ్ల నాన్నగారి దగ్గర. "మన క్వారీ పిల్ల ఎంత దూరం పోయిందో చూడండి" అని అందరికీ చెబుతూ నన్ను ముందుగా మా ఇంటికి తీసుకుపోయారు.

ఇల్లు గుర్తుపట్టలేకపోయాను. మా ఊళ్లో పేదవాళ్ల ఇళ్లకు గోడలూ నాపరాళ్లే, పైకప్పూ నాపరాళ్లే. వేసవిలో పెనంలా కాలతాయి, చలికాలంలో ఒళ్లు కొరుకుతాయి. అలాంటి ఇంటికి లోపలా బయటా కొత్త సున్నం వేశారు. వాకిట్లో ముగ్గు. లోపలి గదిలో నవారు మంచం, దాని మీద ఇస్త్రీ చేసిన దుప్పటి, స్టూలు మీద టేబుల్ ఫ్యాను. ఆ చలిలో ఫ్యాను ఎందుకో నాకు అర్థం కాలేదు. పెరట్లో తాటాకుల తడికలు కట్టి స్నానానికి చాటు చేశారు. ఇంట్లో ఒక్క గిన్నె లేదు, దండెం మీద ఒక్క గుడ్డ లేదు.

"ఇందులో ఎవరూ ఉండటం లేదా?" అని అడిగాను.

"ఉన్నారమ్మా. వాళ్లు సర్దుకున్నారు లెండి" అన్నారు హెడ్మాస్టరు గారు.

నేను ఇంకొక మాట అడగలేదు. సర్దుకున్నారంటే ఎక్కడ సర్దుకున్నారని అడగాలని తట్టలేదు. మంచం మీద చెయ్యి వేసి, నా చిన్నప్పుడు ఇక్కడ ఈత చాప ఉండేదని చెప్పాను. అందరూ మెచ్చుకోలుగా నవ్వారు.

మధ్యాహ్నం సభ. ప్రెసిడెంటు గారు మైకులో నన్ను జాంబియాలో పెద్ద కాలేజీకి ప్రిన్సిపాలుని చేశారు. నేను చెప్పేది ఏడో తరగతికీ ఎనిమిదో తరగతికీ లెక్కలు. లేచి కాదని చెప్పొచ్చు. చెప్పకుండా భుజం మీది శాలువా సర్దుకుని కూర్చున్నాను. తర్వాత నన్ను మాట్లాడమన్నారు. ఆ రెండు గదుల ఇంట్లో మేం ఐదుగురం ఎలా ఒదిగి పడుకునేవాళ్లమో, కిరసనాయిలు బుడ్డి పొగలో ఎలా చదివానో చెప్పాను. "కష్టం మనిషికి మంచే చేస్తుంది. ఆ ఇల్లు లేకపోతే నేను లేను" అన్నాను. చప్పట్లు కొట్టారు. వెనక గోడ దగ్గర, పనుల నుంచి నేరుగా వచ్చి నిలబడ్డ క్వారీ మనుషులు కూడా కొట్టారు. వాళ్ల చేతుల నిండా రాతి పొడి.

పొద్దు వాలుతుండగా నన్ను ఇంటి దగ్గర దింపి, భోజనం పంపిస్తామని చెప్పి అందరూ వెళ్లారు. చీర మార్చుకుంటుంటే పక్కింటి వైపు నుంచి పసిబిడ్డ ఏడుపు వినిపించింది. పుట్టి పది పదిహేను రోజులు కూడా కాని ఏడుపు. పక్కిల్లు మా పెద్దమ్మది. చుట్టరికం లేదు, చిన్నప్పటి నుంచి అలా పిలవడం అలవాటు. సభలో ఆమె కనబడలేదు. సరే, పలకరిద్దామని వెళ్లాను.

పెద్దమ్మ వాకిట్లో చేటలో కందులు చెరుగుతోంది. నన్ను చూసి లేవలేదు.

"బాగున్నావా పెద్దమ్మా? సభకు రాలేదేం?"

"ఏం చేయను వచ్చి? నా చేతిలో పని ఉంది."

"మీ ఇంట్లో చంటిబిడ్డ ఉన్నట్టుందే. మనవరాలా?"

ఆమె చేట కింద పెట్టింది. "నా ఇంట్లో బిడ్డ యాడిదే? ఆ పిల్ల నువ్వు దిగిన ఇంట్లోది. తల్లి బాలింత. నువ్వు పండుకుంటావని నిన్న పొద్దున లేపారు. మంచం కింద కుంపటి కూడా ఆరలా. సున్నం కొట్టాలి, తప్పుకోండన్నారు. నా గొడ్ల సావిట్లో ఉన్నారు పో, చూడు."

"నాకు తెలియదు పెద్దమ్మా" అన్నాను.

"ఎవురన్నా చెప్పారా, నువ్వు అడిగావా? నువ్వు పుట్టింది ఆ గదిలోనే. నీకు బొడ్డు కోసింది నేను. అప్పుడు మీ అమ్మని ఎవురన్నా లేచి సావిట్లోకి పొమ్మన్నారా?"

ఆమె మళ్లీ చేట అందుకుంది.

సావిట్లో గేదెను ఒక పక్కకు కట్టేసి, మిగతా చోట వరిగడ్డి పరిచి, దాని మీద గోనెపట్టాలు వేశారు. గాలి రాకుండా పాత చీర అడ్డం కట్టారు. ఆ పిల్ల, పందొమ్మిది ఇరవై ఏళ్లుంటాయి, తలకు గుడ్డ చుట్టుకుని, చెవుల్లో దూది పెట్టుకుని, బిడ్డను ఒళ్లో వేసుకుని కూర్చుంది. పక్కన అత్తగారు చిన్న కుంపటిలో పిడకలు ఎగదోస్తోంది. నన్ను చూడగానే ఇద్దరూ లేవబోయారు. బాలింత నాకోసం లేవబోయింది. ఆ క్షణం నాకు ఇప్పటికీ తలుచుకోబుద్ధి కాదు.

"కూర్చోండి. నన్ను క్షమించండి. నాకు తెలియదు. ముందు మీరు ఇంట్లోకి రండి. నేను రాత్రికి బస్సు దొరికితే గురజాల వెళ్లిపోతాను" అన్నాను.

అత్తగారు గబుక్కున నా చెయ్యి పట్టుకుంది. "అట్టా పోమాకమ్మా. నువ్వు అలిగి పోయావంటే మేమేదో అన్నామనుకుంటారు. మావోడు ప్రెసిడెంటు గారి క్వారీలోనే చేసేది. ఇల్లు ఒక్క రోజుకి ఇయ్యమని ఆయనే మనిషిని పంపాడు. ఇస్తామన్నాం. ఇచ్చాం. రేపు పొద్దున నువ్వు పోతే మేం ఇంట్లోకి పోతాం. ఏమైంది ఇప్పుడు?"

"చలి కదమ్మా."

"చలి చానానే ఉంది. గేదె ఉంది లే, వెచ్చగానే ఉంటది."

నన్ను ఓదార్చడానికి ఆమె ఆ మాట అంది. నేను భుజం మీద ఉన్న శాలువా తీసి బిడ్డకు కప్పబోయాను. మధ్యాహ్నం సభలో వేసిందే. ఆమె దాన్ని మెల్లగా మడిచి నా చేతిలో పెట్టింది. "వద్దమ్మా. స్కూలోళ్లు చూస్తే మేం అడిగి తీసుకున్నామంటారు."

నేను వెళ్లిపోయినా వాళ్లకు ముప్పే. ఉంటే బిడ్డ సావిట్లో. ప్రెసిడెంటు గారి దగ్గరకు వెళ్లి తగవు పెట్టుకుంటే నేను రేపటికి వినుకొండలో ఉంటాను, వాళ్లు ఇక్కడే ఉంటారు. గోనెపట్టా అంచున కూర్చుని అడిగాను: "నాకు ఒంటరిగా పడుకోవాలంటే భయం. నాకు తోడుగా మీరందరూ లోపల పడుకోండి. ఎవరైనా అడిగితే నేనే పిలిచానని చెప్పండి."

అత్తగారు కోడలి వైపు చూసింది. "తోడుకైతే వత్తాం" అంది. ఇద్దరికీ అది అబద్ధమని తెలుసు. ఆ అబద్ధం మీదనే చీకటి పడే వేళకు వాళ్లు తమ ఇంట్లోకి వచ్చారు. ఆమె కొడుకు మాత్రం రాలేదు. పెద్దమ్మ అరుగు మీదే పడుకున్నాడు.

మంచం దగ్గర మళ్లీ పేచీ. బాలింతను మంచం మీద పడుకోమన్నాను. తను ఒప్పుకోలేదు, చాప పరుచుకుంటానంది. దుప్పటి కొత్తది, పిల్ల తడిపితే ఎవరు ఉతుకుతారని భయం. ప్రెసిడెంటు గారి ఇంటి నుంచి తెచ్చిందట. నేను ఆ దుప్పటి తీసి పక్కన పెట్టి, నా పాత చీర పరిచాను. అప్పుడు ఎక్కింది. అత్తగారు కుంపటి తెచ్చి మంచం కింద పెట్టింది. నాకు పంపిన భోజనం ముగ్గురం పంచుకున్నాం. బాలింతకు పెట్టకూడనివే అందులో ఎక్కువ ఉన్నాయి, తనకు కారప్పొడీ అన్నమే అత్తగారు కలిపి పెట్టింది.

"మీరుండే దేశంలో బాలింతలకి ఏం పెడతారక్కా?" అని ఆ పిల్ల అడిగింది. జొన్నపిండి లాంటి పిండితో గట్టిగా సంకటి చేసుకుంటారని, అదే పెడతారని చెప్పాను. "మనలాంటోళ్లే అయితే" అంది. మరి కాసేపటికి, "మీరు మైకులో చెప్పింది నేను ఇక్కడి నుంచే విన్నా. ఈ ఇల్లు మంచిదని చెప్పారుగా. మా ఆయనకి చెప్తా" అంది.

ఎగతాళి లేదు ఆ గొంతులో. కొంచెం సంతోషం ఉంది. కష్టం మనిషికి మంచి చేస్తుందన్న మాట కూడా తను సావిట్లో కూర్చుని విన్నదన్నమాట. నేను చాప మీద గోడ వైపు తిరిగి పడుకున్నాను.

పొద్దున్నే ప్రెసిడెంటు గారి జీపు వచ్చింది. అంతకుముందే అత్తగారు మంచం మీద ఆ దుప్పటి మళ్లీ పరిచి, బిడ్డనూ కోడలినీ సావిట్లోకి పంపేసింది. నేను అడ్డం చెప్పలేదు. ఆయన గుమ్మంలో నిలబడి, "నిద్ర బాగా పట్టిందామ్మా?" అని అడిగారు. ఆయన వెనకగా తలుపు పక్కన అత్తగారు నిలబడి నా నోటి వైపే చూస్తోంది.

"పట్టిందండీ" అన్నాను.

"ఫ్యాను వేసుకున్నారా?"

"వేసుకోలేదండీ, చలిగా ఉంది."

ఆయన నవ్వి, "అక్కడ మీకు ఏసీ అలవాటనుకున్నాం" అన్నారు. చెడ్డవాడని అనను. తనకు చేతనైన మర్యాద తను చేశాడు. నేను అన్న మాటను నిజం చేశాడు.

వినుకొండ వచ్చాక పది రోజుల పాటు ఆ బిడ్డకు ఏమవుతుందోనని భయపడ్డాను. మా ఊరి మీదుగా మాచవరం వైపు లారీలు తోలే వాడొకడు అన్నయ్యకు తెలుసు. అతని చేత కనుక్కున్నాం. బిడ్డకు రొమ్ము పడిశం పట్టిందనీ, గురజాల ఆసుపత్రికి తీసుకెళ్లారనీ, నాలుగు రోజులకు తగ్గిందనీ కబురొచ్చింది. సున్నం కొట్టినందువల్ల పట్టిందో సావిట్లో పడుకున్నందువల్ల పట్టిందో ఎవరికి తెలుసు? చలికాలంలో పసిబిడ్డలకు మామూలుగా పట్టేదే అయినా కావచ్చు. అలా అనుకుని తప్పుకోవాలని చాలాసార్లు చూశాను.

ఒకరోజు మిద్దె మీద ఒడియాలు పెడుతుంటే అమ్మకు జరిగిందంతా చెప్పాను. అమ్మ పిండి చేతులతోనే విని, "అది మన ఇల్లు కాదుగా. అమ్ముకున్నాం. మా ఇల్లు అని ఎందుకన్నావు ఆయనతో? అప్పుడే అందామనుకున్నా. పైమనిషి ముందు నీ మాట తీసేయడం ఎందుకని ఊరుకున్నా" అంది. నన్ను తిట్టి ఉంటే బాగుండేది. తను కూడా ఊరుకున్నందుకు బాధపడుతోందని అర్థమయ్యాక నాకు ఇంకా సిగ్గేసింది.

రెండేళ్లకు మళ్లీ సెలవులు వచ్చాయి. ఈసారి ఎవరికీ కబురు చేయకుండా మధ్యాహ్నం బస్సుకు ఊరు వెళ్లాను. పెద్దమ్మ గుర్తుపట్టి, "ఏమే, మళ్లీ పండుకోవటానికి వచ్చావా?" అంది. "లేదు పెద్దమ్మా, చూసి పోదామని" అన్నాను. ఆమె పక్కకు జరిగి అరుగు మీద చోటిచ్చింది.

ఆ ఇంటి సున్నం వానలకు చారలు కట్టి పోయింది. రెండేళ్ల పిల్ల వాకిట్లో నాపరాతి పెంకులు ఏరి ఒక చోట పోస్తోంది. బొద్దుగా ఉంది. తల్లి మళ్లీ నీళ్లోసుకుందట, నన్ను చూసి నవ్వి, లోపలికి పోయి స్టూలు తెచ్చి వాకిట్లో వేసింది. అత్తగారు టీ పెట్టింది. లోపలికి రమ్మని వాళ్లు అనలేదు, నేనూ గుమ్మం వైపు చూడలేదు. వాకిట్లోనే టీ తాగి, పిల్ల ఏరిన పెంకులు ఎన్నో తనతో లెక్కపెట్టించి, ఐదు తర్వాత తనకు రావని తెలుసుకుని, సాయంత్రం బస్సుకు వచ్చేశాను.