పన్నెండో పాఠం పక్కన టిక్కు

మిర్యాలగూడలో పైథాన్ ప్రోగ్రామింగ్ నేర్పే ధనుంజయ్ ఎవరినీ ఓ పట్టాన నమ్మడు. తను రాసిన పాఠాల పుస్తకంలోని ప్రతి ఉదాహరణనూ పొద్దున్నే తన లాప్‌టాప్‌లో నడిపి చూసి, పక్కన ఎర్రపెన్నుతో టిక్కు పెడతాడు. ‘అర్థమైంది సార్’ అన్నవాళ్లను కళ్లద్దాల పైనుంచి చూస్తాడు. ఎవరికైనా ఎర్రర్ వచ్చిందంటే, కుర్చీ వెనక నిలబడి గడ్డం గోక్కుంటూ, తప్పెక్కడ కొట్టారా అని వెతుకుతాడు.

మొన్న పన్నెండో పాఠంలో హేమ్లాకు ఎర్రర్ వచ్చింది. హేమ్లా రైస్‌మిల్లు గుమాస్తా, నలభై దాటినవాడు, ఒంటివేలితో టైపు చేస్తాడు. వడ్ల లారీల జాబితా ఉన్న ఫైలును తెరిచి చదవడం ఆ పాఠం. “ఏదో అక్షరం మింగినవ్, హేమ్లన్నా” అన్నాడు ధనుంజయ్. అక్షరం అక్షరం సరిచూశాడు. తప్పు దొరక్కపోయేసరికి అనుమానం ఇంకా పెరిగింది. తన లాప్‌టాప్ తెచ్చి అదే నడిపితే టక్కున నడిచింది. “సూసినవా?” అన్నాడు.

హేమ్లా రెండు తెరలనూ మార్చి మార్చి చూశాడు. “సార్, గా లారీల ఫైలు మీరెప్పుడో చేసి పెట్టుకున్నరు. నాకాడ ఏడున్నది? ముందుగాల చేసుకోమని పుస్తకంల యాడ రాసిన్రు?”

ధనుంజయ్ పేజీలు ముందుకీ వెనక్కీ తిప్పాడు. ఎక్కడా లేదు. మూడేళ్ల టిక్కులు మాత్రం ఎర్రగా ఉన్నాయి. ఈ పాఠం దగ్గరే మానేసి పోయినవాళ్లు గుర్తొచ్చారు. వాళ్లూ అక్షరాలు మింగారనే అప్పట్లో అనుకున్నాడు.

“జర లే అన్నా” అని ధనుంజయ్ హేమ్లా కుర్చీలో కూర్చుని, మొదటి పాఠం నుంచి కొట్టడం మొదలుపెట్టాడు. వెనక నిలబడ్డ హేమ్లా గడ్డం గోక్కుంటూ, ఒక్కో అక్షరాన్నీ అనుమానంగా చూస్తున్నాడు.