అమావాస్యని నమ్మని స్కానింగ్ డాక్టరు గారు

నా దస్తూరి బాగోదు, అక్షరాల్లో తప్పులుంటాయి. ఐదో తరగతితో బడి మానేసినదాన్ని, మన్నించి చదవండి. అనకాపల్లిలో మా స్కానింగ్ డాక్టరు గారు మొన్న కాలం చేశారు. ఆయన చేసిన మేలు మగవాళ్లు బయటికి చెప్పుకోరు కనక నేను రాస్తున్నాను.

స్కానింగుకి ఒంటి మీద రాసే జెల్లీ సీసాని ఆయన వేడినీళ్ల గిన్నెలో ఉంచేవారు. "సల్లగా తగిలితే ఉలిక్కిపడతారు కదమ్మా" అనేవారు. మా ఆడపడుచు కడుపుతో ఉన్నప్పుడు తోడు వెళ్లి చూశాను.

నా పెళ్లయిన ఏడాది, చెరకు నరికే రోజుల్లో, ఒక పొద్దున్న మా ఆయన పొలం నుంచి వంగిపోయి వచ్చారు. ఒక పక్క బీజం వాచిపోయింది, చెయ్యి తగలనివ్వలేదు. మా వైపు అక్కడ వాస్తే వరిబీజమే అంటారు. అమావాస్యకి పొంగి, మర్నాటికి దిగుతుందని నమ్మకం. ఆ రోజు అమావాస్యే.

"రేపటికి తగ్గిపోతాది. కాపడం ఎట్టు" అంది మా అత్త.

అంతలో ఆయనకి వాంతయింది.

"నాను డాక్టరు కాడికి తీసుకెళ్తానత్తా."

"ఆడదానివి, అక్కడేటని సెప్తావే?"

"నొప్పని సెప్తాను."

అత్తకి ఎదురు చెప్పడం అదే మొదలు. నాకు తెలిసిన డాక్టరు ఆయనొక్కరే, అక్కడికే వెళ్లాం.

బల్ల మీద పడుకుని మా ఆయన "కడుపునొప్పండి" అన్నారు. డాక్టరు గారు నా ముఖం చూశారు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని, "కడుపు కాదు బాబూ, కింద. అమావాస్య కదా, వరిబీజం అంటన్నారు" అన్నాను.

"రక్తానికి అమావాస్యేటమ్మా! సూద్దాం."

తెర మీద, బాగున్న పక్క ఎరుపు నీలం చుక్కలు మిణుకుమన్నాయి. నొప్పి పక్క ఒక్కటీ లేదు.

"లోపల బీజానికి రక్తం తెచ్చే తాడు మెలిపడింది. రక్తం పారటం లేదు. బీజం ఇంకా చెడినట్టు లేదు. ఇప్పుడే మెలి విప్పిత్తే దక్కుతాది. రేపటికైతే తీసేయాలి."

"రేపు చెరకు బండి తోలాలండి" అన్నారు మా ఆయన.

"బండి ఆగుతాదిరా. ఇది ఆగదు."

రిపోర్టు టైపయ్యేదాకా ఆగలేదు. ఆపరేషన్ డాక్టరుకి తనే ఫోన్ చేసి, ఆటో దాకా వచ్చి, మా ఆయన్ని చెయ్యి పట్టి ఎక్కించారు.

ఆ పూటే ఆపరేషన్ చేసి మెలి విప్పారు, బీజం దక్కింది. తర్వాత మళ్లీ స్కాన్ తీసినప్పుడు తెర నా వైపు తిప్పి, "సూడమ్మా, పారతంది" అన్నారు. వెనక నుంచి మా అత్త కూడా తల దూర్చి చూసింది.

అక్కల్లారా, మీ ఇంటి మగవాళ్లకి అక్కడ ఉన్నట్టుండి నొప్పొస్తే తిథి చూడకండి. ఆ గంటలోనే ఆసుపత్రికి తీసుకెళ్లండి. వాళ్లు సిగ్గుపడితే మీరే నోరు విప్పండి. ఈ కాగితం వాళ్లకి చదివి వినిపించి, మా ఆయన కంట పడకముందే, చెరకు పిప్పిలో కలిపి బెల్లం పొయ్యిలో కాల్చేయండి.