జయమ్మగారి పెరట్లో ముంగిస

స్నేహితుడి పెళ్లికి ఆండర్సన్‌పేట వెళ్లినప్పుడు నాకు వాళ్ల పక్కింట్లో బస ఏర్పాటు చేశారు. ఆ ఇంట్లో జయమ్మగారు ఒక్కరే ఉంటారు. మర్నాడు పొద్దున పెరట్లో టీ తాగుతుంటే గోడ దగ్గర ఒక ముంగిస కనిపించింది. దగ్గరికి రప్పిద్దామని బిస్కెట్ ముక్క పట్టుకుని చెయ్యి చాచాను.

“ఎయ్యొద్దప్పా,” అని జయమ్మగారు నా చెయ్యి పట్టుకున్నారు. “పురుగులు, ఎలకలు అదే ఎదుక్కుంటాది. ఎండలకి నేను నీళ్లు మాత్రం పెడతా.”

“చేత్తో పెడితే మచ్చికవుతుంది కదమ్మా?”

“అదే వద్దు. ముందు ఒకటి ఉండె. నా చేతిలో గుడ్డు తినేది. మనుషులంటే బయం పోయింది దానికి. ఇంగ పక్క వీదిలో ఎవురింట్లోకో పోయినాది. కోళ్ల కోసం వచ్చినాదని కొట్టి చంపేసినారు. నన్ను నమ్మినట్టే వాళ్లనీ నమ్మినాదప్పా.”

ఆమె కొంగుతో కళ్లు తుడుచుకుని, గోడవార మట్టి మూకుట్లో నీళ్లు పోసి వచ్చి నా పక్కన కూర్చున్నారు. కాసేపటికి ముంగిస వచ్చి తాగింది. వెనకే రెండు పిల్లలు. జయమ్మగారి ముఖం వెలిగిపోయింది.

అందులో ఒక పిల్ల తిన్నగా మా వైపు నడిచొచ్చి ఆమె పాదం వాసన చూసింది. వంగి నిమురుతారనుకున్నాను. ఆమె గట్టిగా చప్పట్లు కొట్టారు. పిల్ల ఉలిక్కిపడి తల్లి దగ్గరికి ఉరికింది. మూడూ గోడ కింది కంతలో దూరిపోయాయి.

“అట్ల పరిగెత్తాల తల్లీ,” అన్నారామె, ఆ కంత వైపే చూస్తూ. “ఎవురిని చూసినా అట్లే పరిగెత్తాల.”