సీసా తెచ్చినావా?

కాంపౌండరు ఓబయ్య చేతిలోంచి మందు రాలాలంటే అవతలివాడు చావు అంచుకు చేరాలి. కంప్యూటరు ఆటలోనైనా సరే.

పలమనేరులో ముప్పై ఏళ్లు మందులు కలిపి రిటైరైన మనిషి. 2004లో ఒక సాయంత్రం వాన తగ్గేదాకా నిలబడదామని జయచంద్ర నెట్ సెంటరులో దూరాడు. అక్కడ పంకజాక్షి అనే డిగ్రీ అమ్మాయి ఆటలో రాక్షసులను నరుకుతోంది. మధ్యలో ఆమె కత్తివీరుడు ఆకులూ వేళ్లూ ఏరి, నూరి, సీసాలో మందు కలిపాడు. ఓబయ్య వాన సంగతి మరిచిపోయాడు.

మర్నాటి నుంచి ఆమె జట్టులో ఆయనొక మంత్రగాడు. ఒక్క రాక్షసుణ్ణీ కొట్టడు. వేళ్లు ఏరడం, మందు కలపడం, సంచిలో దాచడం, అంతే. కత్తివీరుడికి ఎర్రమందు, మంత్రగాడికి నీలిమందు, విషానికి పచ్చమందు. ఒకరిది ఒకరికి పనిచేయదు.

"పెదనాయనా, ఒక ఎర్రది ఇయ్యి! సచ్చిపోతా ఉండా!"

"నెత్తురు సగం ఉండాది గదా పాపా. అసలు రోగం ముందుండాది. అయినా, సీసా తెచ్చినావా?"

ఆయన కాలంలో రోగి సీసా తెచ్చుకోవాలి. గళ్లు కత్తిరించిన కాగితం దానికి అంటించి మోతాదు చూపించేవారు. ఆ కాగితాలు లోకంలోంచి ఎప్పుడు మాయమయ్యాయో ఏ చరిత్రకారుడూ రాయలేదు. సరే, ఆటలో తాగగానే సీసా కూడా మాయం. అదే ఓబయ్య బాధ.

"తాగినాక సీసా యాడికి పోయిందప్పా?"

"ఆటలో అంతే సార్," అనేవాడు జయచంద్ర.

"ఇంత కంప్యూటరు, ఒక సీసా దాచలేదా!"

ఆరు నెలలకు చివరి గుహ చేరారు. ఆ ఆటలో చచ్చిన వీరుడు మళ్లీ లేవడు. పంకజాక్షి ఆరు నెలల కష్టమూ ఏడుతలల పాము ముందు నిలబడింది. పాము కాటేసింది.

"ఎర్రది! ఎర్రది!"

"ముందు విషం దిగల్ల. ఇదో పచ్చది. ఆఁ, ఇప్పుడు తాగు ఎర్రది."

అడగకుండానే ఇంకొకటి, మరొకటి. చేతికి అందించాలంటే పక్కనే నిలబడాలి. పాము ఆయన వైపు తిరిగింది.

"పెదనాయనా, నీలిమందు తాగు!"

"నా సంగతి నేను సూసుకుంటాలే. నువ్వు నరుకు."

మంత్రగాడు కూలాడు, సంచి పగిలింది. జయచంద్ర తెర మీదికి వంగి, చెదిరిన సీసాలు లెక్కపెట్టాడు. నలభై ఎర్రవి, పదకొండు పచ్చవి. నీలిది ఒక్కటీ లేదు.

"నీకోసరం ఒక్కటన్నా కలుపుకోలేదా?" అని అరిచింది పంకజాక్షి.

"కాంపౌండరు యాడన్నా తన మందు తాను తాగుతాడా? కబుర్లు ఆపి పామును సూడు పాపా!"

ఆయన్ని తిట్టుకుంటూనే ఎర్రమందులన్నీ తాగి, ఏడు తలలూ నరికిందా పిల్ల.

మర్నాడు ఓబయ్య కొత్త మంత్రగాడితో మొదటికొచ్చాడు. ఆటలోని ఊరి వాకిట్లో పంకజాక్షి వీరుడు నీలిమందు పట్టుకుని నిలబడి ఉన్నాడు. ఓబయ్య ఆశగా దగ్గరికి జరిగాడు.

"సీసా తెచ్చినావా పెదనాయనా?" అంది పంకజాక్షి.

ఓబయ్య నిజంగానే రెండు జేబులూ తడుముకున్నాడు.