థాయ్‌లాండ్ డెమోలో నా చేతులు చేసిన పని

2004 జనవరి. నిజామాబాద్ గాంధీ చౌక్ పక్క సందులో ఒక బట్టల దుకాణం, దాని పైన రెండు గదులు, ఆ గదుల్లో నా స్పోకెన్ ఇంగ్లిష్ సెంటర్. అప్పటికి పద్దెనిమిదేళ్ళుగా అదే పని. గల్ఫ్‌కు పోయే డ్రైవర్లకు నాలుగు ముక్కలు నేర్పి పంపడం వేరు, పరాయి దేశంలో పిల్లలకు ఇంగ్లిష్ చెప్పే టీచరును తయారుచేయడం వేరు. ఆ రెండో పని నా దగ్గరికి మొదటిసారి వచ్చింది. గోడమీద థాయ్‌లాండ్ పటం అంటించిన రోజు నేను పడ్డ సంబరం అంతా ఇంతా కాదు. నేనెన్నడూ హైదరాబాద్ దాటి పోలేదన్న సంగతి మాత్రం ఎవరి దగ్గరా ఎత్తలేదు.

వచ్చిన అమ్మాయి పేరు స్వరూప. ఎడపల్లిలో చెరకు, వరి పండించే ఇంటి పిల్ల. బోధన్‌లో ఒక చిన్న ప్రైవేటు బడిలో ఒకటో తరగతికి టీచర్. విదేశాల బడులకు టీచర్లను పంపే హైదరాబాద్ ఏజెన్సీ ఒకటి ఆమెను అంతకుముందు రెండుసార్లు పిలిచి, రెండుసార్లూ వద్దంది. ముప్పై నిండినవాళ్ళను వాళ్ళు తీసుకోరు. స్వరూపకు మార్చిలో ముప్పై నిండుతాయి. ఫిబ్రవరి చివర్లో థాయ్‌లాండ్ నుంచి ఒక బడి ప్రిన్సిపాల్ స్వయంగా వస్తుందని, ఏడుగురి పాఠాలు చూసి ఒక్కరిని ఎంచుకుంటుందని కబురొచ్చింది.

"గిదే ఆఖరు మేడం," అంది వచ్చిన రోజే. "మా బాపు, పోతే పో బిడ్డా అన్నడు. మా అవ్వనే, గా దేశంల ఏం తింటవే అని ఒక్కటే ఏడుపు. నాకైతే ఇమానం ఎక్కాలె, సముద్రం సూడాలె, గా పిల్లలకు పాఠం జెప్పాలె. మీరేం జెప్తే గది జేస్త."

ఆ ఉత్సాహం నాకూ అంటుకుంది. ఇంటర్నెట్ సెంటర్‌లో గంటన్నర కూర్చుని థాయ్ ఆచారాల మీద నాలుగు పేజీలు అచ్చు తీయించాను. చెప్పులు గుమ్మం బయటే విప్పాలి. అది మనకు కొత్తేమీ కాదు. రెండు చేతులూ జోడించి దండం పెట్టాలి, దాన్ని వాళ్ళు వాయ్ అంటారు. హమ్మయ్య, సగం పని అయిపోయినట్టే అనుకున్నాను. పాదం ఎవరివైపూ చాపకూడదు. తల చాలా పవిత్రం, కొత్తవాళ్ళు ఎవరి తలా ముట్టకూడదు, చిన్నపిల్లలదైనా సరే. ఇదిగో, ఇక్కడే మా బండి ఆగిపోయింది.

ఎందుకంటే స్వరూపకు ఒక అలవాటు. పిల్లవాడు జవాబు సరిగ్గా చెబితే చాలు, రెండు చేతులతో తలమీంచి చెంపల దాకా నిమిరి, ఆ చేతులు తన కణతలకు ఆనించి టపటపా మెటికలు విరిచేది. దిష్టి తీయడమన్నమాట. మన ఇళ్ళలో అవ్వలు చేసేదే. ఆమె తరగతిలో పిల్లలు అక్షరాలు నేర్చుకున్నది ఆ మెటికల కోసమేనని నా అనుమానం.

ఆదివారాలు మా సందులో బీడీలు చుట్టే ఇళ్ళ పిల్లల్ని పోగేసి డెమో చేయించేదాన్ని. డెమో అంటే ఉద్యోగం ఇచ్చేవాళ్ళ ముందు నిజం పిల్లలకు ఇరవై నిమిషాలు పాఠం చెప్పి చూపించడం. నేను వెనక బెంచీలో స్కేలు పట్టుకుని కూర్చుంటాను. స్వరూప చేతులు పైకి లేవగానే బల్లమీద ఠపీమని కొడతాను.

"చెయ్యి! ఎన్నిసార్లు జెప్పాలె నీకు?"

"ఆగుతలేదు మేడం. పిల్లగాడు గంత మంచిగ జెప్పిండు, ఊకెట్లుంట?"

ఇంతలో ముందు వరసలో ఒక చిన్నది లేచి నిలబడేది. "టీచరమ్మా, నేను గూడ జెప్పిన గదా, నాకు మెటికలు ఇరువవా?" ఇక స్వరూప చేతులు ఎవరి మాటా వినేవి కావు.

మూడు వారాలు తిట్టాను. గొంతు పోయేలా తిట్టాను. ఒకసారైతే, "నీకు థాయ్‌లాండ్ ఎందుకే, ఎడపల్లిల్నే ఉండు" అని కూడా అన్నాను. పాపం, బోధన్ బస్సెక్కి పోయింది. మరుసటి ఆదివారం చెరకు గడ ఒకటి భుజాన వేసుకుని వచ్చింది.

"మేడం, చేతులు ఖాళీగుంటె గదా తిప్పలు. ఒక చేతిల ఫ్లాష్ కార్డులు, ఒక చేతిల చెరుకు పట్టుకుంట. పాఠం గూడ చెరుకు మీదనే జెప్త."

ఫ్లాష్ కార్డులంటే ఒకవైపు బొమ్మ, రెండోవైపు మాట ఉండే అట్టముక్కలు. పాఠానికి టీపీఆర్ అనే పద్ధతి తీసుకున్నాం. మాట చెబుతూ ఆ పని ఒంటితో చేయించడం. పీల్ అంటే చెక్కు తీయాలి, చ్యూ అంటే నమలాలి, స్వీట్ అంటే కళ్ళు మూసుకుని తల ఊపాలి. మా సందు పిల్లలు ఆ రోజు గంటలో పది మాటలు నేర్చుకున్నారు, గడ మొత్తం పిప్పి చేశారు. చేతులు లేవలేదు! నేను స్కేలు పక్కన పడేసి చప్పట్లు కొట్టాను.

డెమో రోజు తెల్లవారుజామునే బస్సెక్కి హైదరాబాద్ వెళ్ళాం. ఏజెన్సీవాళ్ళు ఒక బడిలో గది తీసుకుని పాతికమంది పిల్లల్ని కూర్చోబెట్టారు. ప్రిన్సిపాల్ నలభై ఏళ్ళ మనిషి, నెమ్మదస్తురాలు. తన ఏడేళ్ళ కూతుర్ని కూడా వెంట తెచ్చుకుంది. ఆ పిల్ల మిగతా పిల్లల మధ్య ముందు వరసలో కూర్చుంది. స్వరూపది ఆఖరి వంతు. ముందు చెప్పిన ఆరుగురూ థాయ్ పండుగలు, థాయ్ ఆచారాలు గడగడా అప్పజెప్పారు. మా చెరకు పాఠంలో థాయ్ ముక్క ఒక్కటీ లేదు.

స్వరూప చెరకు ముక్కలు తీయగానే ఆ చిన్నపిల్ల చెయ్యెత్తి, "మా దగ్గర కూడా ఉంది!" అని ఇంగ్లిషులో అరిచింది. ఇక చూడాలి! పాతికమందీ లేచారు, చెక్కు తీశారు, నమిలారు, కళ్ళు మూసుకుని స్వీట్ అన్నారు. ప్రిన్సిపాల్ కూడా ఒక ముక్క అడిగి తీసుకుంది. స్వరూప చేతులు ఒక్కసారి కూడా ఎవరిమీదా పడలేదు. పాఠం అయిపోయాక ప్రిన్సిపాల్ నవ్వుతూ లేచి వచ్చింది. ఆమె కూతురు పరుగున ముందుకొచ్చి, "టీచర్, స్వీట్! వన్ మోర్!" అంది.

అప్పుడు జరిగింది. నేను వెనక నుంచి వచ్చి, ఏం చేస్తున్నానో నాకే తెలియకుండా, ఆ పిల్ల తలమీద రెండు చేతులూ పెట్టి, చెంపలు నిమిరి, నా కణతలకు ఆనించి పది మెటికలూ విరిచాను. నేనే! స్కేలుతో బల్లలు పగలగొట్టిన నేనే!

పిల్ల ముఖం మాడిపోయింది. వెళ్ళి తల్లి వెనక దాక్కుంది. ప్రిన్సిపాల్ నవ్వు ఆగిపోయింది. పద్దెనిమిదేళ్ళు ఇంగ్లిష్ చెప్పిన నాకు సారీ అన్న చిన్న మాట రాలేదు. స్వరూప కొంప ముంచాను రా దేవుడా అనుకున్నాను.

స్వరూప చేతిలోవన్నీ బల్లమీద పెట్టింది. ఆ పిల్ల ముందు నేలమీద మోకాళ్ళపై కూర్చుంది. ఇప్పుడు ఆమె తల పిల్ల తలకన్నా కిందుగా ఉంది. తల ఇలా తగ్గించాలన్న సంగతి నా నాలుగు పేజీల్లో లేదు. చేతులు జోడించి, నెమ్మదిగా, చిన్న చిన్న ఇంగ్లిష్ మాటల్లో చెప్పింది.

"మా టీచర్ నిన్ను అడగకుండా ముట్టుకుంది. తప్పు. మా ఊళ్ళో పిల్లలు చాలా ముద్దొస్తే, చెడు దగ్గరికి రావద్దని ఇలా చేస్తాం. మీ ఊళ్ళో ఎలా చేస్తారో నాకు తెలియదు. నేర్పుతావా?"

పిల్ల తన తల్లి ముఖంలోకి చూసింది. తర్వాత తల్లి చాటు నుంచి ముందుకొచ్చి, స్వరూప జోడించిన చేతులు విడదీసింది. "నువ్వు కాదు, నేను ముందు. నువ్వు టీచర్," అని చెప్పి, తన చేతులు ముక్కు దాకా ఎత్తి వంగింది. చిన్నవాళ్ళు ముందు వాయ్ చేయాలట. నేను ఆరు వారాలు తప్పు నేర్పాను! స్వరూప ఆ పిల్లతో అలాగే మళ్ళీ చేయించుకుంది, మళ్ళీ అడిగింది. మూడోసారికి ఆ పిల్ల పకపకా నవ్వింది. ప్రిన్సిపాల్ నావైపు తిరిగి, "మా అమ్మ దీని తల నిమురుతుంది. కొత్తవాళ్ళు నిమరరు," అని మాత్రం అంది.

బస్సులో నేను కళ్ళు తుడుచుకుంటూనే ఉన్నాను. నా వల్లే పోయిందని గట్టిగా అనుకున్నాను.

"ఊకోండ్రి మేడం. మూడు వారాలు మీరు నన్ను తిట్టిండ్రు. గిప్పుడు నేను తిట్టాల్నా?"

"తిట్టు తల్లీ, తిట్టు," అన్నాను. తిట్టలేదు. నా భుజం మీద తలపెట్టి కామారెడ్డి దాకా నిద్రపోయింది.

నాలుగో రోజు ఏజెన్సీ నుంచి ఫోన్. స్వరూపనే తీసుకున్నారు! ప్రిన్సిపాల్ ఏమన్నదో కూడా ఫోన్ చేసినాయన చెప్పాడు: "మిగతావాళ్ళు మా దేశం గురించి తమకేం తెలుసో చెప్పారు. ఈమె నా కూతుర్ని అడిగింది." రిసీవర్ పెట్టేసి, సెంటర్‌కు తాళం కూడా వేయకుండా బోధన్ బస్సెక్కాను. దారి నిండా చెరకు ట్రాక్టర్లు, బస్సు కదలదు. దిగి పరుగెత్తుదామా అనిపించింది. బడి గుమ్మంలో నన్ను చూడగానే స్వరూపకు అర్థమైపోయింది. "నిజంగనే మేడం? ఒట్టు?" అని అడుగుతూ అక్కడే కూలబడి ఏడ్చింది, నవ్వింది. నేనూ అంతే. ఒకటో తరగతి పిల్లలు మమ్మల్ని వింతగా చూశారు.

ఆ తర్వాత మరెందరో టీచర్లు నా దగ్గర తయారై పోయారు. చేయకూడని పనుల జాబితా ఇప్పటికీ ఇస్తాను, కానీ మొదటి రోజు ఇవ్వను. అవన్నీ కంఠతా వచ్చినదాన్నే నేను, సంతోషం పట్టలేక అన్నీ మరిచాను. అందరూ ఎప్పుడో ఒకప్పుడు మరుస్తారు. అందుకే మొదటి రోజు నేర్పేది ఒక్కటే: తప్పు చేశాక ఎదుటివాళ్ళ ముందు ఎలా కూర్చోవాలి, ఎలా అడగాలి. ఎక్కడ నేర్చుకున్నారు మేడం అని ఎవరైనా అడిగితే, నేను నోట మాట లేక నిలబడ్డ రోజు నా స్టూడెంటు నా బదులు మోకాళ్ళ మీద కూర్చుందని, సిగ్గుపడకుండా చెబుతాను.